గోమారు పట్టినా ఆవు ఎందుకు మెదలలేదు?

నర్సంపేట వైపు ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివారు. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో భర్త, అత్తమ్మ, ఆరేళ్ల బాబు ఉన్నారు. మూడెకరాల పత్తి మీద ఇల్లు గడవక, నిరుడు మహిళా సంఘంలో అప్పు తీసుకొని రెండు సంకరజాతి పాడి ఆవులను కొన్నారు. ఎండాకాలం చివర్లో వాటిలో ఒకటి చనిపోయింది. మొదటి రోజు మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోయింది. రెండో రోజుకు భుజం ముందు నిమ్మకాయంత గడ్డ తేలింది. అత్తమ్మ ఆ గడ్డ మీద వాత పెట్టించారు. ఊళ్లో సూదులు వేసే అతను రెండు రోజులు జ్వరం సూది వేశాడు. ఐదో రోజున పశువైద్యుడు వచ్చి, కనురెప్ప తిప్పి చూసి, ఇది గోమార్ల (పిడుదుల) వల్ల వచ్చే థైలేరియా జ్వరమని, ముందే పిలవాల్సిందని అన్నారు. మందు వేశారు. ఏడో రోజు తెల్లవారుజామున ఆవు ప్రాణం పోయింది. దానికి మూడు నెలల పెయ్య ఉంది. రెండో ఆవు ఐదు నెలల చూడి.

ఆ రోజు నుంచి అత్తమ్మ ఆమెతో మాట్లాడటం లేదు. మాట్లాడితే ఒకటే మాట: "రోజూ పాలు పిండేది నువ్వు, కడిగేది నువ్వు. నీ కంటికి కనబడలేదా? జ్వరం వచ్చిన రోజు నేను చూశాను, దాని ఒంటి మీద ఒక్క గోమారు కూడా లేదు." భర్త వైద్యుడి మాటే నమ్మడం లేదు. తాతల కాలం నుంచి ఇంట్లో పశువులున్నాయని, గోమార్లతో చచ్చిన గొడ్డును తాను చూడలేదని అంటున్నారు. అలా అంటూనే, మిగిలిన ఆవుకు పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి పూస్తానని, లేకపోతే అమ్మేద్దామని పట్టుబడుతున్నారు. ఈలోగా బాబు చెవి వెనుక ఒక గోమారు కనిపించింది. వాడు ఆవుల మీది గోమార్లను పీకి గోటితో చిట్లించడం ఆటగా పెట్టుకున్నాడట.

ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: "ఈగ వాలితే తోక విసిరే ఆవు, వారం రోజులు రక్తం తాగే పురుగును ఎలా భరించింది? ఒంట్లో రోగనిరోధక శక్తి ఉంటుందని చదువుకున్నాను. అది ఏమైపోయింది? తప్పు నాదేనా? ఉన్న ఒక్క ఆవును ఏం చేయమంటారు?"

అమ్మా,

మొదటి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. తప్పు మీదేనా అన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మీ ఆవు భరించలేదు. దానికి తెలియలేదు. తెలియకుండా చేసింది గోమారు లాలాజలం.

దోమ నిమిషంలో తాగి లేచిపోతుంది. గోమారుకు ఆ వీలు లేదు. ఆడ గోమారు కడుపు నిండటానికి వారం రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. పెసరగింజ కన్నా చిన్నగా, బల్లపరుపుగా వచ్చి పట్టుకుంటుంది. ఆముదం గింజంత ఉబ్బి రాలిపోతుంది. ఆ లోపల దాని బరువు వంద రెట్ల దాకా పెరగవచ్చు. అన్ని రోజులు ఒకే చోట మూతి దించి ఉండటానికి దాని నోట్లో వెనక్కి వంగిన ముళ్లు ఉంటాయి. లాలాజలంలో కొంత భాగం ఆ మూతి చుట్టూ సిమెంటులా గట్టిపడుతుంది. పొదుగు కింద గోమారును మీరు పీకినప్పుడు చర్మం కూడా దానితో పాటు పైకి లేచి రావడం చూసే ఉంటారు.

చర్మానికి గాయమైన చోట మాస్ట్ కణాలు హిస్టమిన్‌ అనే రసాయనాన్ని వదులుతాయి. దురద, ఎరుపు, వాపు చాలా వరకు దాని పనే. దురద పుడితే ఆవు నాకుతుంది, గుంజకు రుద్దుకుంటుంది. గోమారుకు అసలు గండం ఆ రుద్దుడే. అందుకని దాని లాలాజలంలో హిస్టమిన్‌ను పట్టి కట్టేసే ప్రోటీన్లు ఉంటాయి. ఆఫ్రికాలో పశువులను పట్టే ఒక జాతి గోమారులో వీటిని వేరుచేసి, వాటి నిర్మాణంతో సహా 1999లో ప్రకటించారు. నొప్పి పుట్టించే బ్రాడికైనిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ మరికొన్ని జాతుల లాలాజలంలో దొరికింది. రక్తం గడ్డకట్టకుండా చేసేవి సరేసరి, అవి లేకపోతే దానికి తిండే లేదు.

ఇక మీరు అడిగిన రోగనిరోధక శక్తి సంగతి. ఊళ్లో నిప్పంటుకుంటే డప్పు కొట్టి జనాన్ని పిలిచినట్టు, గాయమైన చోటు నుంచి కీమోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు బయలుదేరి తెల్ల రక్తకణాలను రమ్మని పిలుస్తాయి. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు ఉంది కదా, మన ఊళ్లలో ఏ కుక్క చెవిలో చూసినా కనిపించేదే. దాని లాలాజలంలో ఎవాసిన్లు అనే ప్రోటీన్లను కనుక్కున్నారు. అవి ఆ కీమోకైన్లను దారిలోనే పట్టేస్తాయి. డప్పు మోగుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం ఎవరి చెవికీ చేరదు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే తెల్ల రక్తకణాలు రావలసినంతగా రావు. వచ్చినవి కూడా చంపవలసినంత చురుగ్గా చంపవు.

చర్మంలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఇంకొన్ని ఉంటాయి. బయటి నుంచి వచ్చిన పదార్థం తునకను పట్టుకొని, దగ్గరలోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, "శత్రువు ఇలా ఉన్నాడు" అని టి-కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలకు చూపించడం వాటి పని. లాలాజలంలోని ప్రోస్టాగ్లాండిన్ ఇ2 లాంటి పదార్థాలు ఈ కణాలను పక్వానికి రానివ్వవు. వార్త మోసేవాడు వెళ్లినా సరిగా చెప్పలేడు. అమెరికాలో జింకలను పట్టే ఒక పిడుదులో సాల్ప్15 అనే ప్రోటీన్ ఉంది. అది నేరుగా టి-కణం మీదికే వెళ్లి, సీడీ4 అనే అణువుకు అతుక్కొని, ఆ కణం మేలుకోకుండా చేస్తుంది. ఇంతా చేసి లాలాజలం రోజూ ఒకేలా కూడా ఉండదు. తాగే రోజులు గడిచేకొద్దీ అందులోని ప్రోటీన్ల కలయిక మారుతూ పోతుంది. నిన్నటి ప్రోటీన్‌ను శరీరం గుర్తుపట్టేసరికి ఇవాళ అక్కడ ఇంకొకటి ఉంటుంది.

ఈ లాలాజలం సంగతి చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. ఎన్ని కొట్టాల్లో ఎంతమంది ఆడవాళ్లు "నీ కళ్లు ఏమయ్యాయి" అన్న మాట పడ్డారో కదా అనిపిస్తుంది. ఆవే చెప్పలేనిది మీ కంటికి ఎలా తెలుస్తుంది తల్లీ? అరవాల్సిన ఒళ్లు నోరు మూసుకుంది. దాన్ని మూయించిన పురుగు చెవి లోపల, తోక మొదట్లో, పొదుగు మడతల్లో దాక్కుంది.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. జ్వరం వచ్చిన రోజు ఒంటి మీద గోమార్లు లేవని ఆమె అన్నది నిజమే కావచ్చు. థైలేరియా పట్టిన తర్వాత జ్వరం బయటపడటానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. ఆ పాటికి రోగాన్ని ఎక్కించిన గోమారు కడుపు నింపుకొని రాలిపోయి, మీ కొట్టం గోడ పగులులో గుడ్లు పెడుతూ ఉంటుంది. కాబట్టి ఆమె అబద్ధం చెప్పలేదు, వైద్యుడూ తప్పు చెప్పలేదు.

మీ ఆయన మాటా అంతే. తాతల కాలంలో ఆయన ఇంట్లో ఉన్నవి నాటు పశువులు. వాటి చర్మం గోమారును ఇంత తేలికగా ఒప్పుకోదు, థైలేరియా సోకినా చాలా వరకు తట్టుకుంటాయి. పిడుదులు పట్టిన శరీరం వాటిని ఎదిరించడం నేర్చుకోగలదని విలియం ట్రాగర్ అనే శాస్త్రవేత్త 1939లోనే గినీ పందుల మీద చూపించారు. ఒకసారి పిడుదు పిల్లలు పట్టిన జంతువు మీద రెండోసారి వదిలినవి సరిగా రక్తం తాగలేకపోయాయి. అంటే లాలాజలం ఎప్పుడూ గెలుస్తుందని లేదు. తరతరాలుగా ఈ పురుగుతో బతికిన మన నాటు జాతులకు ఆ ఎదురుదెబ్బ బాగా తెలుసు. పాల కోసం విదేశీ రక్తం కలిపిన సంకరజాతికి అది తక్కువ. మీ ఆయన చూసింది నిజం. అయితే ఆయన చూసినవి వేరే పశువులు. ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పండి. తాతను తప్పుపట్టకుండా చెబితే వింటారని నాకు నమ్మకం.

థైలేరియా చేసే పని కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఆ గడ్డ ఏమిటో మీ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. లాలాజలం తెరిచిన దారిలో ఈ పరాన్నజీవి ఒంట్లోకి దిగి, నేరుగా తెల్ల రక్తకణాల్లోకే దూరుతుంది. కాపాడవలసిన కణాన్నే ఇల్లు చేసుకుంటుంది. దూరి ఊరుకోదు, ఆ కణం ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. కణం రెండైతే లోపలిదీ రెండవుతుంది. భుజం ముందు నిమ్మకాయంత తేలింది అలా పెరిగిన లింఫ్ గ్రంథి. తర్వాత పరాన్నజీవి ఎర్ర రక్తకణాలకు పాకుతుంది. వైద్యుడు రెప్ప తిప్పి చూసింది ఆ రక్తహీనత కోసమే. వాత దీన్ని తాకనైనా తాకదు, పశువుకు ఇంకో బాధ తప్ప.

తప్పు గురించి మీ దగ్గర దాచకుండా చెప్పాలి. గోమారు కనబడకపోవడం మీ తప్పు కాదు. కానీ జ్వరానికీ వైద్యుడికీ మధ్య నాలుగు రోజులు పోయాయి. దీనికి బుపార్వాక్వోన్ అనే మందు ఉంది. మొదటి రోజుల్లో పడితే చాలా పశువులు లేస్తాయి, రక్తం తగ్గిపోయాక అదే మందు చాలదు. జ్వరం సూది వేడిని తగ్గించి, రోగం తగ్గుతోందన్న భ్రమ కల్పించింది. ఆ నాలుగు రోజులు మీ ఒక్కరివి కావు. వాత పెట్టించినవారివి, సూది వేసినవారివి, వైద్యుణ్ని పిలవకుండా చూస్తూ ఉన్న ఇంటిల్లిపాదివి. మీ వంతు ఎంతో అంతే మోయండి, ఇల్లంతటి వంతూ నెత్తిన పెట్టుకోకండి.

ఇక ముందు సంగతి. మొదట ఒకటి ఖండితంగా చెబుతాను: పత్తి మందు వద్దు. మోనోక్రోటోఫాస్ లాంటివి ఆవు చర్మం గుండా రక్తంలోకి దిగుతాయి. నోట చొంగ కారి, ఒళ్లు వణికి, ఊపిరి ఆడక గంటల్లో పశువు పోవచ్చు. పూసే మీ ఆయనకూ అదే ప్రమాదం. ఆవు తన ఒళ్లు తానే నాకుతుంది, ఆ పాలు మీ బాబు తాగుతాడు. గోమార్లకు పశువుల కోసమే తయారైన మందులున్నాయి: డెల్టామెత్రిన్, అమిట్రాజ్, వీపు మీద పోసే ఫ్లుమెత్రిన్ లాంటివి. ఏది, ఎంత నీళ్లలో, చూడి ఆవుకు ఏది మంచిది, తర్వాత ఎన్ని రోజులు పాలు వాడకూడదు అన్నవి వైద్యుణ్ని అడిగి రాయించుకోండి. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే గోమార్లు దానికి లొంగవు, ఆ సంగతి కూడా అడగండి.

ఆవును అమ్మాలా అంటారా. అమ్మితే ఇంట్లో గొడవ కొంత సద్దుమణుగుతుంది, అప్పులో కొంత తీరుతుంది. కానీ తొందరలో అమ్మే చూడి ఆవుకు సరైన ధర రాదు, మిగిలిన అప్పు పాలు లేకుండా తీర్చాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవు వెళ్లిపోయినా గోమార్లు వెళ్లవు. అవి బతుకులో ఎక్కువ కాలం ఉండేది ఆవు మీద కాదు, గోడ పగుళ్లలో, గుంజ మొదట్లో, రాళ్ల కింద. ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. రేపు మీరు ఏ పశువును తెచ్చి కట్టినా, ఆకలితో ఉన్నవి దాన్నే పడతాయి. పెయ్య ఎలాగూ అక్కడే ఉంది.

ఉంచుకుంటే పని పెరుగుతుంది. కొట్టం పగుళ్లు సిమెంటుతో పూడ్చి, సున్నం కొట్టాలి. పశువుల ఒంటి మీద మందుతో పాటు గోడలకు, నేలకూ వైద్యుడు చెప్పిన మందు కొట్టాలి, రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. కొత్తగా పొదిగినవి అప్పుడు బయటికి వస్తాయి. ఒక థర్మామీటర్ కొనండి. ఆవుకు మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఉదయం పూట 103 దాటి, మేత తగ్గితే ఆ రోజే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకు వెళ్లండి. రక్తపు చుక్కనూ గడ్డ నుంచి తీసిన ద్రవాన్నీ గాజు పలక మీద పరీక్షిస్తే థైలేరియా అవునో కాదో తేలుతుంది. స్థానికంగా కుదరకపోతే మామునూరు పశువైద్య కళాశాలలో అడగండి. ఇంత చేసినా ప్రమాదం పూర్తిగా పోదు, తగ్గుతుంది. చేసేవాళ్లు మీరొక్కరే అయితే నెల తిరగకుండా అలసిపోతారు. ఉంచుకోవాలా వద్దా అన్నది మందుల కన్నా, కొట్టం పనిలో మీ ఆయన సగం పంచుకుంటారా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. అది ముందు తేల్చుకోండి.

మూడో దారి, ఈనిన తర్వాత మంచి ధరకు అమ్మి, గేదెనో నాటు ఆవునో కొనడం. గేదెలు థైలేరియాను సంకరజాతి ఆవుల కన్నా బాగా తట్టుకుంటాయి. నాటు ఆవు కూడా తట్టుకుంటుంది కానీ పాలు తగ్గుతాయి, వాయిదా కట్టడానికి చాలుతాయో లేదో లెక్క వేసుకోవాలి. మీ అత్తమ్మకు నచ్చేది ఈ దారే అనిపిస్తోంది, ఆమెకు నాటు పశువుల పెంపకం తెలుసు కాబట్టి. అడగండి. మీరు అడగడమే ఆమెతో మళ్లీ మాట కలపడానికి ఒక వీలు. నేనైతే ఈనే వరకు ఉంచుకొని, కొట్టం బాగుచేసి, అప్పుడు ఆలోచిస్తాను. కానీ మీ అప్పు వాయిదా నాకు తెలియదు, మీకు తెలుసు.

బాబు సంగతికి వస్తే, పశువులకు వచ్చే ఈ థైలేరియా మనుషులకు రాదు. ఆ భయం వదిలేయండి. కానీ గోమార్లను గోటితో చిట్లించడం ఇవాళే మాన్పించండి. గోమారు లోపలి ద్రవం గాయాల గుండా, కంటి గుండా కొన్ని జబ్బులను తేగలదు. క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం అనే వైరస్‌ను మన దేశంలో 2011లో గుజరాత్‌లో గుర్తించారు. దాన్ని మోసేది మీ ఆవును పట్టిన హయలోమా వర్గపు పిడుదులే. భయపెట్టడానికి చెప్పడం లేదు, చేతికి తొడుగు ఎందుకు అవసరమో చెప్పడానికి చెబుతున్నాను. ఒంటి మీద గోమారు కనిపిస్తే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం చేయకూడదు. చిరాకు పడిన గోమారు కడుపులోది, నోట్లోది గాయంలోకే కక్కవచ్చు. తీసినదాన్ని సబ్బు నీళ్ల సీసాలో వేయండి. బాబుకు రెండు మూడు వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించి, గోమారు పట్టిన సంగతి మొదటే చెప్పండి.

మీరు బైపీసీ చదివారు కాబట్టి ఒక ముచ్చట చెప్పాలనిపిస్తోంది. లాలాజలం శరీరాన్ని ఇంతగా మభ్యపెడుతుంటే టీకా ఎలా చేయాలని తలలు పట్టుకున్న శాస్త్రవేత్తలు, పిడుదు నోటిని వదిలి దాని పేగును ఎంచుకున్నారు. బీఎం86 అనే పేగు ప్రోటీన్ ఆవు రక్తానికి మామూలుగా ఎప్పుడూ ఎదురుపడదు, కాబట్టి పిడుదు దాన్ని దాచడమూ నేర్చుకోలేదు. దానితో ఆవుకు టీకా వేస్తే, ఆవు రక్తంతో పాటు యాంటీబాడీలను కూడా తాగిన పిడుదు పేగు దెబ్బతింటుంది. 1990లలో ఆస్ట్రేలియాలో, క్యూబాలో ఈ టీకాలు వాడకంలోకి వచ్చాయి. అవి వేరే జాతి గోమారు కోసం చేసినవి, మీ కొట్టంలోని వాటికి కాదు.

మీకు పనికొచ్చే టీకా వేరే ఉంది. థైలేరియాకే హైదరాబాద్‌లో తయారైన టీకా ఉంది, రక్షావ్యాక్-టి అంటారు. సంకరజాతి దూడలకు వేస్తారు. ద్రవ నత్రజనిలో భద్రపరచాలి కాబట్టి అన్ని చోట్లా సిద్ధంగా ఉండదు. వైద్యుణ్ని అడిగి తెప్పించుకునే ప్రయత్నం చేయండి. చూడి ఆవుకు వేయవచ్చో లేదో ఆయనే తేల్చాలి. పెయ్య మాత్రం చనిపోయిన తల్లితో పాటు అదే కొట్టంలో పెరిగింది, దానికి ఇప్పటికే సోకి ఉండవచ్చు. అందుకే టీకా కన్నా ముందు దాని వేడి చూపించండి, భుజం ముందు రెండు వైపులా చేత్తో తడిమి గడ్డ ఉందేమో చూడండి. రోజూ పాలు పిండాక పది నిమిషాలు పెయ్యకూ ఆవుకూ చెవుల లోపల, గంగడోలు కింద, కాళ్ల సందుల్లో, తోక కింద వేళ్లతో తడమండి. గోమారు పట్టిన వెంటనే సాధారణంగా రోగం ఎక్కదు. దాని లాలాజల గ్రంథుల్లో థైలేరియా పక్వం కావడానికి అది కొన్ని రోజులు రక్తం తాగాలి. మీ వేళ్లకు దొరికే సమయం అదే. ఈ సాయంత్రమే పెయ్యతో మొదలుపెట్టండి. దీపం వెలుగు చాలదు, ఫోను లైటు పట్టుకోమని బాబుకు ఇవ్వండి.